రంగు మేత

మా ముందుగదిలో గాజు తొట్టె పెట్టిన రోజు నుంచీ నాకు దాన్ని చూస్తే గుండె దడే. పగిలితే ముక్కలు ఎవరి పాదంలో దిగుతాయో, పైన వేలాడే బల్బు తీగ నీళ్లలో పడితే ఎవరు మాడిపోతారో అని. కానీ అది మా బావగారు గదాధర్ పెట్టించిన తొట్టె. కలకత్తా నుంచి వచ్చిన బేరగాళ్లు కుర్చీలో కూర్చోగానే ఎదురుగా ఎర్రగా, నీలంగా చేపలు తళతళలాడుతూ కనబడాలి. పెరటి తొట్లలో బూడిద రంగులో తిరిగే సరుకును చూపిస్తే ఎవరు సంచీ తెరుస్తారు?

పట్నం వాళ్లు వీటిని గౌరామి అంటారు. మాకు ఖల్సే. బొటనవేలంత చేప. పొట్ట కింద దారాల్లాంటి రెండు మీసాలు. మాటిమాటికీ పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి కిందికి పోతుంది. మా ఉలుబేరియా పక్క పొలాల కాలవల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. చిన్నప్పుడు మా అమ్మ ఆవాలు నూరి కూర వండేది. ఇప్పుడు దాన్ని తినేవాళ్లు తక్కువ, గాజు వెనక పెట్టుకుని చూసేవాళ్లు ఎక్కువ. మా ఊళ్లో ఏ పెరట్లో చూసినా సిమెంటు తొట్లే.

మా ఇంట్లో లాల్ ఖల్సే, చూనా ఖల్సే అని రెండు రకాలు పెంచుతాం. పిల్లలుగా ఉన్నప్పుడు రెండూ ఒకటే బూడిద. మగవి పెద్దయ్యాక వేరుపడతాయి. లాల్ మగది ఎర్ర చారలతో నిప్పులా ఉంటుంది, చూనా మగది గూడు కట్టే రోజుల్లో తేనె రంగుకు తిరిగి గొంతు కింద నల్లబడుతుంది. ఆడవి మాత్రం చచ్చేదాకా బూడిదే. వీటన్నిటినీ విడదీసేది మా ఒక్కగానొక్క కూతురు బుల్టి. పన్నెండో తరగతి పూర్తయ్యాక కాలేజీ దూరమనీ, రైలు రద్దీ అనీ నేనే పంపలేదు. నేను కూడా ఎనిమిదితో ఆపినదాన్నే.

"ఇటు చూడమ్మా. లాల్‌కి ఒంటి మీద గీతలు వాలుగా ఉంటాయి. చూనాకి తల నుంచి తోక దాకా ఒక్కటే చార. వీపు రెక్క కొస తేలి ఉంటే మగ, గుండ్రంగా ఉంటే ఆడ."

"నాకు అన్నీ చేపల్లాగే కనబడుతున్నాయే."

"నీకు పాముల్లా కనబడలేదు, అదే పదివేలు."

పాములంటే ఎందుకు నవ్వుతారో నాకు తెలియదు. తొట్ల దగ్గర తేమకు అవి రాక ఏం చేస్తాయి?

బూడిద చేపను ఎవరూ కొనరు కాబట్టి మా ఊళ్లో రంగు మేత పెడతారు. తెల్లటి పొడి, పేరూ ఊరూ లేని పొట్లాల్లో వస్తుంది. దాన్ని స్పిరిట్‌లో కరిగించి, ఎండురొయ్యల పొడిలో, తవుడులో, గుడ్డు సొనలో పోసి చేత్తో బాగా పిసకాలి. ఎక్కడా ఉండ మిగలకూడదు. నీడన ఆరబెట్టి వేస్తే కొన్నాళ్లకు ఆడది కూడా మగదానిలా ఎర్రబడుతుంది. అందరూ దాన్ని విటమిన్ అనేవాళ్లు. సంత మగవాళ్లది, తొట్లు కడగడం, మేత కలపడం ఆడవాళ్లది. మా ఇంట్లో ఆ గిన్నె నా తోటికోడలు ఛాయక్కది. ఆమెకు నడుం నొప్పి పట్టుకున్నాక అది బుల్టి ముందుకు వచ్చింది.

వానాకాలంలో ఒక ఉదయం హాల్దార్ బాబు అనే పెద్దాయన కలకత్తా నుంచి వచ్చాడు. బ్యాంకులో చేసి దిగిపోయినవాడు. చేతిలో నీళ్ల సంచీ, అందులో రెండు బూడిద చేపలు.

"ఏం గదాధర్ బాబూ, జంట అని ఇచ్చావు. ఒకటి ఎర్రగా, ఒకటి బూడిదగా. ఇంటికెళ్లాక ఎర్రది వెలిసిపోయింది. ఇప్పుడు రెండూ అక్కచెల్లెళ్లలా కూర్చున్నాయి. గూడు లేదు, గుడ్లు లేవు. మా ఆవిడ పొద్దున్నే కాఫీతో పాటు ఒక నవ్వు కూడా ఇస్తోంది."

"మీ నీళ్లు బాబూ," అన్నారు బావగారు. "కొళాయి నీళ్లలో మందు కలుపుతారు కదా, రంగు నిలవదు."

గుమ్మంలో టీ పళ్లెం పట్టుకుని నిలబడ్డ బుల్టి వంగి సంచీలోకి చూసింది. చూసి ఊరుకోవచ్చు కదా.

"నీళ్లు కాదు తాతగారూ. అది ఆడదే. వీపు రెక్క చూడండి, గుండ్రంగా లేదూ?"

బావగారు పైకి నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు నాకు తెలుసు.

హాల్దార్ బాబు కళ్లజోడు సవరించుకుని చూశాడు. "అవునే! మరి నాకు నిజం మగదాన్ని ఇవ్వమ్మా."

"ఇస్తాను గానీ, మీ తొట్టెలో నీళ్లు ఎంత లోతు?"

"మోకాలెత్తు. గాలి బుడగల యంత్రం రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది."

"అయితే మగది పెట్టినా గూడు నిలవదు. అది నురుగుతో కట్టుకుంటుంది తాతగారూ, మీరు కింద నుంచి బుడగలు ఊదితే ఏం నిలుస్తుంది? జానెడు నీళ్లు చాలు. పైన అంతరతామర ఆకులు నాలుగు వేయండి. మూత పెట్టండి, మూతకీ నీళ్లకీ మధ్య గాలి వెచ్చగా ఉండాలి, పిల్లలు మొదటి ఊపిరి అక్కడే తీసుకుంటాయి. గుడ్లు పెట్టగానే ఆడదాన్ని తీసి వేరే పెట్టేయండి. చిన్న తొట్టెలో దాక్కోవడానికి చోటుండదు, మగది తరిమి తరిమి చంపేస్తుంది."

"మా ఇంట్లో తరమబడేది నేనే," అని ఆయన పెద్దగా నవ్వాడు. బుల్టి పెరట్లోకి వెళ్లి, మేత తగలని తొట్టెలోంచి చూనా జంటను ఏరి తెచ్చి ఇచ్చింది. ఆయన వెనక్కి తెచ్చిన రెండింటిలో ఒకటి మా ఇంట్లో రంగు పట్టిందే. దాన్ని ఎవరికీ అమ్మలేం. మా గదిలో కిటికీ దగ్గర ఉన్న పాత చిన్న తొట్టెలో వేసుకుంది బుల్టి.

ఆయన వీధి మలుపు తిరిగాక బావగారు మంచం మీద కూర్చుని నెమ్మదిగా అన్నారు, "నా ఇంట్లో కూర్చుని, నా అన్నం తింటూ, నా సరుకు దొంగదని చెబుతావా?"

"దొంగదని అనలేదు పెదనాన్నా. ఆడదని అన్నాను."

"ఆ రెండూ సంతలో ఒకటే."

అటు తర్వాత కొన్ని వారాలకు నాకు అసలు భయం మొదలైంది. దండెం మీద బుల్టి ముట్టుగుడ్డలు కనబడలేదు. పోయిన నెల కూడా చూసిన గుర్తు లేదు. ఆడపిల్ల తల్లికి ఇంతకంటే ఏం కావాలి, నిద్ర పట్టకపోవడానికి? సంత నుంచి వచ్చే కుర్రాళ్లందరి మొహాలూ ఒక్కొక్కటిగా తలుచుకున్నాను. ఎవడు? ఎప్పుడు? నేను స్నానానికి చెరువుకు వెళ్లినప్పుడా? ఉరి, చెరువు, రైలు పట్టాలు, నా బుర్ర ఎన్ని చోట్లకు పరిగెత్తాలో అన్ని చోట్లకూ పరిగెత్తింది.

మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి అడిగాను.

"నీకు నెల తప్పిందా?"

బుల్టి అద్దం ముందు కూర్చుని, చేతిలో దారం పట్టుకుని ఉంది. గడ్డం కింద వెంట్రుకలు లాగుతోంది. నేను చూడగానే చెయ్యి దించేసింది.

"తప్పింది. అయితే?"

"అయితేనా? ఎవడే వాడు?"

అది నా వైపు చూసిన చూపు ఇంకా నా కళ్లలో ఉంది. కోపం కూడా కాదు. ఎవరో దారిన పోయే ఆవిడ వచ్చి తనను అమ్మా అని పిలవమన్నట్టు చూసింది.

"నా మీద ఒట్టు వెయ్యి," అన్నాను.

"వెయ్యను. నమ్మితే నమ్ము, లేకపోతే పో."

నమ్మాలని ఉంది. కానీ నమ్మకానికి ఒక పరీక్ష ఉందని విన్నాను, కడుపు ఉందో లేదో చెప్పే పట్టీ మందుల దుకాణంలో దొరుకుతుందని. మా ఊళ్లో కొంటే ఊరంతా తెలుస్తుందని రెండు స్టేషన్లు దాటి వెళ్లాను. అక్కడ దగ్గు మందు కొనుక్కుంటూ మేనక నిలబడి ఉంది. మా వీధిలో అందరి కడుపుల సంగతీ వాళ్లకంటే ముందు తెలుసుకునే మేనక.

"ఏంటి వదినా, ఇంత దూరం వచ్చావు? ఎవరికి బాగాలేదు?"

"తలనొప్పి మాత్ర," అన్నాను. దుకాణం అతను అప్పుడే ఆ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పట్టీ మీద ఒకటే గీత వచ్చింది. ఏమీ లేదు. నేను దేవుడి పటం ముందు కూలబడి ఏడ్చాను. బుల్టి నన్ను దాటుకుని పెరట్లోకి వెళ్లి గిన్నెలో చేతులు పెట్టింది. కానీ గీత నా ఇంట్లో ఉంది, డబ్బా మేనక కళ్లలో ఉంది. వారం తిరగకుండా చెరువు మెట్ల మీద నేను దిగితే మాటలు ఆగడం మొదలైంది.

కడుపు కాదని తెలిశాక ఇంకో భయం పట్టుకుంది. మరి ఏమిటి? గడ్డయా, పుండా, ఏదో చెప్పకూడని జబ్బా? మా ఆయన నిమాయ్‌తో చెబితే, "వయసులో ఇలాంటివి ఉంటాయేమో, నాకేం తెలుసు," అన్నాడు. ఆయనకు వాళ్ల అన్నయ్య చెప్పనిది ఏదీ తెలియదు.

ఆ రోజుల్లోనే కిటికీ దగ్గరి చిన్న తొట్టె తుడుస్తుంటే హాల్దార్ బాబు వెనక్కి ఇచ్చిన ఆ బూడిద చేప కంటబడింది. పొట్ట ఉబ్బి ఉంది. చచ్చిపోతోందేమో అనుకున్నాను.

"బుల్టీ, దీనికి రోగం వచ్చిందే."

"రోగం కాదు, గుడ్లు. రంగు మేత తిన్నన్నాళ్లూ వట్టిపోయింది. మేత మానేసి ఇన్నాళ్లయింది కదా, ఇప్పుడు మళ్లీ ఆడదైంది."

అది మామూలుగా చెప్పి వెళ్లిపోయింది. నేను గుడ్డ పట్టుకుని అక్కడే ఉండిపోయాను. రంగు తింటే ఆడది వట్టిపోతుంది, మగదానిలా తయారవుతుంది. దారంతో గడ్డం లాగుతున్న నా కూతురు గుర్తొచ్చింది. మోచేతుల దాకా ఎండిన మేత అంటుకున్న దాని చేతులు గుర్తొచ్చాయి. ఆ చేతులతోనే మధ్యలో మరమరాలు తింటుంది, ఎన్నిసార్లు తిట్టానో.

మర్నాడే ఉలుబేరియాలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నేను చెప్పింది ఆమె నవ్వకుండా విన్నది.

"పొట్లం తెచ్చారా?"

"దాని మీద ఏమీ రాసి ఉండదమ్మా."

"రాసి లేకపోయినా తెలుసు. మగవాళ్లకు ఇచ్చే హార్మోన్ మందు అది. చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది. ముందు ఆ పని పూర్తిగా మానిపించండి. ఆ గాలిలో కూడా ఉండకపోతే మంచిది. కొన్ని నెలల్లో నెలసరి మళ్లీ రావచ్చు."

"రావచ్చునా, వస్తుందా?"

"వస్తుందనే అనుకుందాం."

ఈ 'అనుకుందాం' అనే మాటను డాక్టర్లు నాలాంటి వాళ్ల ముందు వాడకూడదు.

మా ఇళ్లలో కోడలు తన భర్త అన్నగారితో నేరుగా మాట్లాడదు. అత్తగారు పోయినా ఆ కట్టు పోలేదు. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని తలుపు చాటున నిలబడతాను, ఛాయక్క మధ్యలో నిలబడి నా మాట ఆయనకు, ఆయన మాట నాకు అందిస్తుంది. ఇద్దరం ఒకరి మాట ఒకరు వింటూనే ఉంటాం, అయినా అంతే. ఆ సాయంత్రం బావగారు వసారాలో మంచం మీద కూర్చుని టీతో మరమరాలు నంచుకుంటున్నారు.

"అక్కా, బుల్టి ఇంక మేత కలపదని చెప్పు."

"బుల్టి ఇంక మేత కలపదట," అంది ఛాయక్క.

"దసరా పూజల సరుకు నెత్తిన పెట్టుకుని ఇప్పుడా? ఎందుకట?"

"దానికి నెలలు ఆగిపోయాయని చెప్పు. అది ఆ పొడి వల్లేనని డాక్టరమ్మ అన్నదని చెప్పు."

ఛాయక్క సిగ్గుపడుతూనే అంది. బావగారు టీ గ్లాసు కింద పెట్టారు.

"చేప ఎక్కడ, మనిషి ఎక్కడ! ఊరంతా కలుపుతోంది."

"ఆ పొడి ఆడ చేపను వట్టిదాన్ని చేస్తుంది, ఆడపిల్లకూ అదే చేస్తుందని చెప్పు అక్కా."

ఛాయక్క నోరు తెరిచింది. "ఆ పొడి ఆడ..." అని ఆగింది.

ఆయన ఆమె పూర్తి చేసేదాకా ఆగలేదు. ఎలాగూ విన్నారు కదా. "మేత కలిపితే ఆడవాళ్లకు ఏదో అవుతుందట! ఈ ఇంటికి కోడలుగా వచ్చిన రోజు నుంచీ ఇదిగో, ఈవిడ కలపలేదూ? ఈవిడకేమైంది?" అని చేత్తో ఛాయక్కను చూపించారు.

ఛాయక్కకు పిల్లలు లేరు. ఒక్కసారి కూడా కడుపు నిలవలేదు.

బయట ఎవరి తొట్లోనో నీళ్లు నింపుతున్న చప్పుడు వినబడుతోంది. ఛాయక్క తన చేతులను చూసుకోలేదు, నన్ను చూడలేదు, ఆయన ఖాళీ గ్లాసును చూస్తూ నిలబడింది. నేను ఆమె మళ్లీ నా మాట అందిస్తుందేమో అని కాసేపు చూశాను. అందించలేదు. అప్పుడు నేనే తలుపు చాటు నుంచి ఇవతలకు వచ్చాను.

"ఆమెకేమైందో ఆమెనే అడగండి," అన్నాను.

ఇన్నేళ్లలో నా గొంతు ఆయన మీదికి నేరుగా వెళ్లడం అదే మొదలు. ఆయన తల తిప్పుకుని గోడతో మాట్లాడారు.

"ఈ మాట గడప దాటితే పూజలకు ఒక్క సంచీ కూడా కదలదు. మన ఇంటిదే కాదు, ఊరిదే కదలదు. అప్పుడు ఊరు మన మీద పడుతుంది. పిల్ల మీద ఏదో అంటున్నారంటావా, అననీ. పిల్ల మీద మాట నాలుగు రోజులుంటుంది, పోతుంది. సరుకు మీద మాట పోదు."

"ఏమండీ, మీరేమీ అనరా?" అని వసారా మూల కూర్చున్న మా ఆయన వైపు తిరిగాను. ఆయన వలకు ముడి వేస్తున్నాడు. వేసిన ముడి విప్పి మళ్లీ వేశాడు.

"అన్నయ్య ఆలోచించే అంటాడు కదా," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఛాయక్క చెరువు మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. నేను బిందె దించి పక్కన కూర్చున్నాను. ఆమె నీళ్ల వైపు చూస్తూ అంది:

"అత్తగారు నాచేత తారకేశ్వర్ గుడి దాకా పొర్లుదండాలు పెట్టించింది, గుర్తుందా?"

"ఉంది."

"నా మెడలో ఎన్ని తాయెత్తులు! ఒకటి మెడకు రాసుకుని పుండు కూడా పడింది. నీకు బుల్టి పుట్టినప్పుడు దాన్ని నా చేతికి ఇవ్వొద్దందట నీతో. నిజమేనా?"

"అందక్కా. నేను ఇచ్చాను."

"ఇచ్చావు. ఆవిడ చూడనప్పుడు ఇచ్చావు." ఆమె మెట్టు మీది పాచిని కాలి బొటనవేలితో గీరింది. "పొద్దున పూజ చేసుకుని, సాయంత్రం ఆ గిన్నెలో చేతులు పెట్టేదాన్ని. ఒక్కనాడైనా ఎవరైనా చెప్పి ఉంటే..."

"ఎవరికి తెలుసక్కా?"

"చేపలకు తెలుసు," అంది. నవ్వింది కూడా. ఆ నవ్వు చూడలేక నేను బిందె ముంచాను.

లేచేటప్పుడు అంది, "దాన్ని మీ తమ్ముడింటికి పంపెయ్. గిన్నె నేను తీసుకుంటాను."

"నువ్వెందుకక్కా, వద్దు."

"నాలో ఇంకా ఏం మిగిలిందని? పంపెయ్."

నేను వద్దు అని ఒక్కసారే అన్నాను. రెండోసారి అనలేదు.

మా తమ్ముడు కృష్ణనగర్‌లో ఉంటాడు. అక్కడికి పంపడం అంటే ఏమిటో నాకు తెలియక కాదు. నెలలు ఆగిపోయిన పెళ్లికాని పిల్లను ఊరు దాటిస్తే ఊరు ఏమనుకుంటుంది? ఇంట్లో ఉంచితే ఎవరో ఒకరు మేతలోకి పిలుస్తారు. పిలవకపోయినా వసారా నిండా ఆ పొడే, తొట్ల గట్ల మీద అదే, మేము పడుకునే చాప మీద అదే. దాని పేరు దక్కాలంటే దాని ఒళ్లు పోతుంది, ఒళ్లు దక్కాలంటే పేరు పోతుంది. ఏ తల్లి అయినా దీనికి లెక్క వేయగలిగితే నాకు చెప్పండి. నేను ఒళ్లే కోరుకున్నాను.

పట్టపగలు, అందరూ చూస్తుండగానే తీసుకెళ్లాను. దొంగచాటుగా వెళితే ఇంకో మాట పుడుతుందని. స్టేషన్‌లో మేనక, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చేపల సంచులతో రైలు కోసం నిలబడి ఉన్నారు.

"ఎక్కడికి వదినా, పిల్లను తీసుకుని?"

"మా తమ్ముడి దగ్గరికి."

"మంచిదే. బరువు దించుకుని తేలిగ్గా తిరిగి రండి."

బుల్టి ఊరుకోలేదు.

"నీ నోటి బరువు ముందు దించుకో పిన్నీ. రైలు ఎక్కలేవు."

ఆ ఇద్దరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. మేనక నవ్వలేదు. ఆమె గడ్డం కింద ఎర్రగా కందిపోయి ఉండడం అప్పుడే గమనించాను, దారంతో గట్టిగా లాగితే కందినట్టు. వాళ్లింట్లో కూడా ఆ గిన్నె ఉంది. ఆమెకు ఇద్దరు కోడళ్లు. ఇద్దరికీ ఇంకా పిల్లలు లేరు, చిన్నదాన్ని పుట్టింటికి పంపేయాలని చూస్తోంది. నేను ఒక్క అడుగు ముందుకు వేశాను, చెప్పేద్దామని. రైలు వచ్చేసింది.

కిటికీ పక్కన కూర్చున్నాక బుల్టి బయటికి చూస్తూ అంది, "మేనక పిన్నిని ఎందుకమ్మా అంతలా చూస్తావు? మొదట ఆ మాట అడిగింది నువ్వే కదా."

నేను దాని తల మీద చెయ్యి వేశాను. తీసేయలేదు, అలాగని ఒరగనూ లేదు. రైలు దిగేదాకా అలాగే కూర్చున్నాం.

తిరిగి వచ్చేసరికి గిన్నె ఛాయక్క ముందు ఉంది. చర్మంలోంచి కూడా పోతుందని డాక్టరమ్మ అన్న మాట గుర్తొచ్చి నేను రబ్బరు చేతొడుగులు కొని తెచ్చాను. "వీటితో ఉండలు తెలియవు," అని ఆమె పక్కన పెట్టేసింది. బావగారు మాత్రం సంతోషంగా ఉన్నారు. ఎవరి చేతులైతేనేం, చేపలు ఎర్రబడుతున్నాయి.

పూజలు దగ్గరపడ్డాయి. పట్నంలో ఇళ్లకు రంగులు వేసుకుని, ముందుగదిలోకి కొత్త గాజు తొట్టె, అందులోకి ఎర్ర చేపలు కొనుక్కునే రోజులు. మా పెరట్లో వీధిలోని ఆడవాళ్లంతా సంచులు కట్టడానికి వచ్చారు. ఒకరు నీళ్లు పోస్తే ఒకరు చేపలు వేస్తారు, ఒకరు సిలిండరు గొట్టంతో గాలి నింపితే ఒకరు మూతికి రబ్బరు బిగిస్తారు. లాల్ సంచుల్లో చూనా ఆడవి కూడా కలిసిపోయి వెళుతున్నాయి. విడదీసే మనిషి లేదు, అడిగేవాళ్లూ లేరు.

ఫోను మోగింది. తడిచేతిని చీరకు తుడుచుకుని తీశాను.

"అమ్మా," అంది బుల్టి. అని ఆగింది. "వచ్చింది."

"ఏం వచ్చింది?" అన్నాను. నా బుర్ర ముందు జ్వరం దగ్గరికి, పోలీసుల దగ్గరికి వెళ్లింది.

"అదేనమ్మా. ఇవాళ పొద్దున. కడుపులో మెలిపెట్టేస్తోంది. అత్తయ్య వేడినీళ్ల సీసా ఇచ్చింది."

తొట్టె గట్టు మీద కూర్చుండిపోయాను. ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. చుట్టూ చేతులు ఆగాయి. అందరూ నా వైపే చూస్తున్నారు. గిన్నె దగ్గర నుంచి ఛాయక్క తలెత్తింది, నా మొహం చూసి అర్థం చేసుకుంది, మళ్లీ తల దించుకుని పిసకడం మొదలుపెట్టింది.

"ఎవరు వదినా, బుల్టియేనా?" అంది మేనక. "ఎలా ఉందట?"

చెప్పాలి. ఇప్పుడు చెబితేనే. నా పిల్లకు ఏ పాపమూ తెలియదు, ఇదిగో మీ చేతుల్లో ఉన్నదే దానికి పట్టింది, మీ కోడళ్లకూ పట్టింది అని. వసారాలో బావగారు సంచులు సర్దుతూ దగ్గారు. నేను నోరు తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం ఇంతే:

"బాగానే ఉంది. కాస్త కడుపునొప్పి అట."

మేనక పక్కావిడను చూసింది. పక్కావిడ ఆ పక్కావిడను చూసింది.

"ఉంటుంది వదినా," అంది మేనక, ఎంతో జాలిగా. "అలాంటి వాటి తర్వాత కొన్నాళ్లు ఉంటుంది. వేడి అన్నంలో నెయ్యి వేసి పెట్టమను."

రబ్బరు బ్యాండ్ల డబ్బా నా ముందుకు జరిపి, ఆమె తర్వాతి సంచీ అందుకుంది.